పెద్ద కడ్డీలు ముందు

నల్లగుట్లపల్లికి సర్కారు ఎన్నడూ ఏమీ ఇచ్చిన పాపాన పోలేదు. ఫోను టవరు ఇవ్వలేదు, రైలు ఇవ్వలేదు, ఫ్యాక్టరీ ఇవ్వలేదు. ఎవరికైనా ఫోను మాట్లాడే పని పడితే నక్కలబండ ఎక్కి, చేయి పైకెత్తి, "వినపడుతోందా, వినపడుతోందా" అని అరిచేవాళ్ళు. ఫోనులో వినపడకపోయినా అవతలి ఊరికి గాలిలో వినపడేది.

ఏమీ లేకపోవడం కూడా ఒక అర్హత అవుతుందని ఆ ఊరు ఎరగదు. రేడియో తరంగాల గోల తక్కువగా ఉండే చోటు కావాలని ఒక పెద్ద సంస్థ జిల్లాలన్నీ గాలించి, చివరికి నల్లగుట్ట కింద బీడులో రాళ్ళు పాతింది. కంచె వేసింది. బోర్డు కట్టింది. బోర్డు మీద "వికిరణ పరిశీలనా బహిరంగ క్షేత్రం" అని రాసి ఉంది. అంత పేరు నోట్లో పట్టక ఊరివాళ్ళు దాన్ని గాలి ఆఫీసు అన్నారు.

గాలి ఆఫీసు పని చెడ్డదేమీ కాదు. కరెంటుతో నడిచే వస్తువు ఏదైనా సరే, మిక్సీ కానీ మోటారు కానీ, తన పని తాను చేసుకుంటూనే గాలిలోకి కొంత రేడియో గోల వదులుతుంది. అది హద్దు మీరితే పక్కవాడి రేడియో గరగరలాడుతుంది, టీవీ బొమ్మ చెదురుతుంది. అందుకని వస్తువును బల్ల మీద పెట్టి, ఎదురుగా దూరంగా ఒక యాంటెన్నా నిలబెట్టి, ఆ గోల ఎంతో కొలుస్తారు. హద్దులో ఉంటే సర్టిఫికెట్టు ఇస్తారు. అంతే. ఇంత చిన్న పనిని అంత చిన్నగానే చేస్తే దానికి డైరెక్టరు ఎందుకు?

డైరెక్టరు పేరు డాక్టర్ ప్రభంజనరావు. ఆ ఆఫీసులో మొట్టమొదటి దరఖాస్తు పెట్టిన దురదృష్టవంతుడి పేరు వన్నూరప్ప.

వన్నూరప్ప కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు. మాట తక్కువ మనిషి. ఊరికి ఉన్న అసలు బాధ అడవిపందులు. చెనిక్కాయ చేలో, అంటే వేరుశనగ చేలో, ఊడలు దిగి కాయ పట్టే సమయానికి గుట్ట దిగి వస్తాయి. ఒక మంద దూరిందంటే తెల్లారేసరికి చేను దుక్కి దున్నినట్టు ఉంటుంది. దానికోసం వన్నూరప్ప ఒక పెట్టె తయారు చేశాడు. పంది దగ్గరికి వస్తే పసిగట్టి, కళ్ళు చెదిరే లైటు వేసి, గట్టిగా అరుస్తుంది. అదిలింపు పెట్టె అని దానికి పేరు.

అరుపు దగ్గర మాత్రం చాలా కష్టపడ్డాడు. మొదట పులి గాండ్రింపు పెట్టాడు. ఆ గుట్టల్లో పందులు తరతరాలుగా పులి మొహం చూడలేదు. తలెత్తి విని, మళ్ళీ దించుకుని తిన్నాయి. తుపాకి చప్పుడు పెడితే ఎవరింట్లోనో పెండ్లి అనుకున్నాయి. ఒకరోజు రికార్డు చేస్తూ ఉండగా భార్య ఓబుళమ్మ వచ్చి, అన్నం చల్లారిపోతోందని నాలుగు మాటలు అంది. ఆ మాటలు మళ్ళీ వేసి చూస్తే వీధిలో కుక్క, రెండు మేకలు, సైకిలు మీద పోతున్న రైతు కాటమయ్య ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వన్నూరప్పకు దారి దొరికింది.

రెండు మూడు చేలల్లో పెట్టి చూశారు. పందులు గుట్ట దిగలేదు. రైతుల సహకార సంఘం వాళ్ళు వచ్చి చూసి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెట్టెలు తీసుకుంటామన్నారు. "అయితే వన్నూరప్పా, కరెంటు వస్తువు కదా, గాలి ఆఫీసు సర్టిఫికెట్టు ఉండాలప్పా. మీ ఊర్లోనే ఉండాది, నీకేం కష్టం?" అన్నాడు సంఘం కార్యదర్శి. కాయ ముదిరేలోగా సర్టిఫికెట్టు వస్తే పెట్టెలు చేలకు చేరతాయి. ఆ తర్వాత వస్తే దాన్ని గోడకు తగిలించుకోవాల్సిందే.

ఆ మాట పట్టుకుని వన్నూరప్ప పెట్టె నెత్తిన పెట్టుకుని గాలి ఆఫీసుకు పోయాడు.

*

ఆ రోజే యాంటెన్నా దిగింది. పొడుగాటి చెక్కపెట్టెలోంచి బయటికి తీస్తే ఈతమట్ట మాదిరి ఉంది. మధ్యలో ఒక ఈనె, దానికి అటూ ఇటూ కడ్డీలు. ఒక చివర మూరెడేసి కడ్డీలు, పోనుపోను చిన్నవై రెండో చివర వేలెడంత అవుతాయి. దాన్ని నిలబెట్టడానికి పర్వీన్ అనే ఇంజనీరమ్మాయి పొద్దున్నించీ ఎండలో ఉంది. నేల మీద ఇనుప వల పరిచి ఉంది. ఆ చివర గుండ్రంగా తిరిగే పీట మీద చెక్కబల్ల. ఈ చివర నాలుగు కాళ్ళ చెక్క స్తంభం. టేపు పెట్టి దూరం కొలిచింది. మట్టం పెట్టి చూసింది. యాంటెన్నాను స్తంభానికి బిగించి, దాని మొనను బల్ల వైపు తిప్పి, మోకాళ్ళ మీద మట్టి దులుపుకుంది.

"పెట్టె తెచ్చినావా అన్నా? బల్ల మీద పెట్టు. రోంత సేపటి పనే," అంది.

వన్నూరప్పకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే గొడుగు కింద డైరెక్టరు వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. పెద్ద కడ్డీకి బొట్టు పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి యాంటెన్నాను చూశాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"అమ్మాయ్, ఏమిటీ అమరిక?"

"యాంటెన్నా సార్. మొన వస్తువు వైపు ఉండాలి."

"మొన అనగా?"

"చిన్న కడ్డీలున్న కొస సార్. దీనికి అదే ముందు."

డైరెక్టరు యాంటెన్నా చుట్టూ ప్రదక్షిణం చేశాడు. "చిన్నవి ముందు, పెద్దవి వెనక! అమ్మా, మంత్రిగారికి స్వాగతం పలికేటప్పుడు అటెండరు ముందు నిలబడి దండ వేస్తాడా? డైరెక్టరు వెనక నిలబడి తొంగి చూస్తాడా?"

"ఇవి కడ్డీలు సార్."

"కడ్డీలైనా ప్రభుత్వ కడ్డీలు. క్రమశిక్షణ కడ్డీతోనే మొదలు కావాలి."

"సార్, తయారు చేసినోళ్ళు ఇచ్చిన పుస్తకంలో బొమ్మ కూడా ఉంది."

డైరెక్టరు బొమ్మను చూసి జాలిగా నవ్వాడు. "ఈ బొమ్మ గీసినవాడు విదేశీయుడు. వాళ్ళ దేశంలో కొడుకు తండ్రిని పేరు పెట్టి పిలుస్తాడు. వాడికి పెద్దలెక్కడుండాలో ఏం తెలుస్తుంది?"

అక్కడే, గొడుగు కిందే, ఉత్తర్వు చెప్పి రాయించాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ క్షేత్రమందు నెలకొల్పబడు సమస్త యాంటెన్నాలయందును పెద్ద కడ్డీలు అగ్రభాగమునను, చిన్న కడ్డీలు పృష్ఠభాగమునను, తమ తమ పరిమాణములను అనుసరించి విరాజిల్లవలెను. సిబ్బందిలో ఎవరును ఈ వరుసను తమ చేతులతో మార్చరాదు."

పర్వీన్ మర సడలించి యాంటెన్నాను వెనక్కి తిప్పింది. మరను మాత్రం మళ్ళీ గట్టిగా బిగించలేదు.

"అమ్మా, తిరగేసి పెడితే ఏమైతాది?" అని గుసగుసగా అడిగాడు వన్నూరప్ప.

"నీ పెట్టెకు వీపు పెట్టి, మీ ఊరి దిక్కు మొగం పెట్టి కూచుంటాదన్నా."

*

పెట్టెను బల్ల మీద పెట్టి మీట నొక్కారు. లైటు మెరిసింది. ఓబుళమ్మ గొంతు బీడంతా మోగింది. "ఏయ్! నీ కాళ్ళిరగ! మళ్ళీ వచ్చినావా? సిగ్గుండాదా నీకు?"

డైరెక్టరు చేతిలో కాగితాలు కింద పెట్టి సర్దుకుని నిలబడ్డాడు. "ఎవరీ మహిళ?" అన్నాడు.

"మా ఇంటామె సార్."

"కూర్చోమనండి," అన్నాడు డైరెక్టరు. కాసేపటికి తేరుకుని గదిలోకి పోయి తెర చూశాడు. తెర మీద గీత ముళ్ళపంది వీపు మాదిరి నిక్కబొడుచుకుని ఉంది. "మిస్టర్ వన్నూరప్పా, మీ పరికరం ఘోరంగా వికిరణం చెందుతోంది!"

పర్వీన్ పోయి పెట్టె ఆపి వచ్చింది. గీత కదల్లేదు. "ఇది పెట్టె కాదు సార్, ఊరు. ఇది పిండి మిల్లు. ఇవి బోరు మోటార్లు. ఈ కొనదేలింది ఎవరిదో ఆటో. యాంటెన్నా ఊరిని చూస్తాంది కాబట్టి ఊరే కనపడతాంది."

డైరెక్టరు చివరి వాక్యం వినలేదు. ఆయనకు పనికొచ్చిన మాటలు అంతకుముందే అయిపోయాయి. "అంటే ఈ గ్రామం యావత్తూ ఏ అనుమతీ లేకుండా గాలిలోకి వికిరణాలు వెదజల్లుతోందన్నమాట. పరిసరాలు ప్రశాంతంగా ఉంటే గాని పరీక్ష చెల్లదని నిబంధన. పరిసరాలను ప్రశాంతపరచవలసిన బాధ్యత దరఖాస్తుదారుడిది."

"అంటే నాదా సార్?"

"ఈ ఊళ్ళో ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు కదా."

*

మొదటి ఉత్తర్వు ప్రకారం పరీక్ష రోజున బోర్లు ఆపాలి. వన్నూరప్ప ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఒక రోజే కదా అని ఆపారు. గీత కొంచెం దిగింది. రెండో ఉత్తర్వులో పిండి మిల్లు ఆగింది. మూడో దాంట్లో టీవీలు, మిక్సీలు, ఫ్యాన్లు. ఎవరూ ఫోను మాట్లాడకుండా నక్కలబండకు కంచె వేశారు. ఆటోలు ఊరి బయటే ఆగాలి, మనుషులు నడిచి రావాలి. ఒక్క రోజు అన్నది వాయిదా మీద వాయిదా పడి రోజూ అయింది.

గీత దిగుతూనే ఉంది గానీ పూర్తిగా పడుకోవడం లేదు. డైరెక్టరు స్వయంగా ఊళ్ళోకి వచ్చి పరిశీలించాడు. కురుబ మల్లప్ప గొంగడి దులిపితే చిటపటమని నిప్పురవ్వలు రాలడం ఆయన కంటపడింది. గొంగళ్ళు కప్పుకోరాదని ఉత్తర్వు వచ్చింది. ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వుకుంటే వెంట్రుకలు పైకి లేస్తాయి, అదీ విద్యుత్తే అన్నాడు. మర్నాటి నుంచి ఊళ్ళో ఆడామగా తలలు దువ్వుకోవడం మానేశారు. బస్సు దిగిన కొత్తవాళ్ళు ఏ ఇంట్లో చావు జరిగిందోనని నెమ్మదిగా అడిగేవాళ్ళు.

చివరికి చేలల్లో పెట్టి ఉన్న అదిలింపు పెట్టెలు కూడా ఆపమన్నారు. వన్నూరప్ప నోరు తెరిచాడు.

"సార్, అవి ఆపితే పందులు దిగుతాయి."

"పరీక్ష నెగ్గని పరికరం నడపడం నేరం మిస్టర్ వన్నూరప్పా. పంది నిబంధన అతిక్రమిస్తే అది పంది ఇష్టం. మనం అతిక్రమించరాదు."

"పోనీ రైతులైనా టార్చిలైట్లు వేసుకుని కాపలా కాయచ్చా?"

"టార్చిలో ఏముంటుంది?"

"బ్యాటరీ సార్."

"చూశారా," అన్నాడు డైరెక్టరు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఊరంతా వన్నూరప్ప కోసం కాచుకుని ఉంది. తలలన్నీ రేగిపోయి గాలివానలో తాటిచెట్ల మాదిరి ఉన్నాయి. టీ చల్లగా ఉంది. పొయ్యికి గాలి కొట్టే మోటారు కూడా ఆపేశారు.

"రాప్పా రా, గమ్మునుండమని చెప్పే దొరా," అన్నాడు కాటమయ్య. "ఈ దినం ఏం మానుకోవాల? గురక పెట్టచ్చా?"

"గురకలో కరెంటు లేదు లే," అన్నాడు వన్నూరప్ప.

"మీ ఇంటామె గొంతులో కూడా లేదనుకుంటిమి. దాన్ని డబ్బాలో పెట్టినావు, ఊరికి వాయిదా పెట్టిచ్చినావు."

"మామా, కాయ ముదిరేలోగా కాగితం వస్తాది. ఓర్చుకోండి."

"మేం ఓర్చుకుంటాం మామా. పందులకు కూడా ఒక మాట చెప్పు."

*

అన్నీ ఆగిపోయిన రోజున రెండో పరీక్ష జరిగింది. పెట్టె అరిచింది. తెర మీద గీత నున్నగా, చెరువులో నీళ్ళ మాదిరి పడుకుంది. పెట్టె ఉన్నా అంతే, లేకున్నా అంతే. వీపు వెనక ఏం జరుగుతున్నా యాంటెన్నాకు పట్టలేదు.

"నెగ్గింది కదా సార్! హద్దు కంటే తక్కువే ఉండాది," అన్నాడు వన్నూరప్ప.

డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. "తక్కువ ఉండటం వేరు, లేకపోవటం వేరు. నివేదికలో అంకె రావాలి."

"సున్నా వెయ్యండి సార్."

"సున్నా వేస్తే అసలు పరీక్షే చేయలేదని ఆడిటు వారు భావిస్తారు. విద్యుత్ పరికరమన్నాక ఏదో ఒక వికిరణం ఉండి తీరాలి. లేదంటే అది పరికరం కాదు. మీరు ముందుగా మీ పరికరం ఉన్నదని నిరూపించుకోవాలి."

"ఉండాది కదా సార్! అదిగో, అరుస్తాంది, వినపడలేదా?"

"వినపడింది. కానీ చెవి ప్రామాణిక సాధనం కాదు."

పర్వీన్ నోరు విప్పింది. "సార్, ఒక్కసారి, ఒక్క నిమిషం, యాంటెన్నా తిప్పి చూస్తాను."

"అమ్మాయ్, ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?"

"మీదే సార్."

"తిప్పితే గీత వచ్చిందనుకో. అప్పుడు సంతకం తప్పవుతుంది. సంతకం తప్పయితే ఆఫీసు తప్పవుతుంది. ఆఫీసు తప్పయితే నువ్వూ లేవు, నేనూ లేను, ఆయన పెట్టెకు సర్టిఫికెట్టూ లేదు. ఆయన కోసమే చెప్తున్నాను."

వన్నూరప్ప ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. అన్నం చల్లారాక ఓబుళమ్మ దాన్ని మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

మర్నాడు పొద్దున్నే కాటమయ్య మనిషిని పంపించాడు. వన్నూరప్ప పోయి కాటమయ్య చేను గట్టు మీద నిలబడ్డాడు. సగం చేను పెళ్ళగించి ఉంది. తీగలు వేళ్ళతో సహా పైకి లేచి వాడిపోతున్నాయి. మట్టిలో గిట్టల గుర్తులు వాన పడినట్టు ఉన్నాయి. కాటమయ్య వెటకారం చేయలేదు. వంగి ఒక తీగ పీకి, దానికి మిగిలిన ఒక కాయను చిదిపి అరచేతిలో పెట్టాడు. లోపల గింజ ఇంకా నీరుగానే ఉంది.

"పాలు పట్టినాది మామా," అన్నాడు. "ఇంగ పది దినాలు ఆగింటే గింజయ్యేది."

వన్నూరప్ప ఆ కాయ జేబులో వేసుకుని నేరుగా గాలి ఆఫీసుకు పోయాడు. "సార్, నా దరఖాస్తు వాపసు ఇచ్చేయండి. నాకు కాగితం వద్దు. నేను అడగబట్టే కదా ఊరు మూతపడింది. నేను పోతే ఊరు తెరుచుకుంటాది."

డైరెక్టరుకు బాధ కలిగింది. "మీ ఆవేదన నాకు అర్థమైంది. ఉపసంహరణకు అవకాశం ఉంది. పరీక్షా నివేదిక జతపరచి దరఖాస్తు చేసుకోండి."

"పరీక్షలో అంకె రాలేదంటిరి కదా సార్."

"అదే కదా ఇబ్బంది," అన్నాడు డైరెక్టరు.

*

ఆ సాయంత్రమే మూడోసారి పెట్టారు. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. ఊరు ఊపిరి బిగబట్టినట్టు ఉంది. మోటారు లేదు, మిల్లు లేదు, మనిషి కేక లేదు. అన్ని రోజులుగా అంత నెమ్మది చూసి పందులకు ధైర్యం పెరిగింది. పొద్దు ఉండగానే దిగడం మొదలుపెట్టాయి. ఒక పెద్ద ఆడపంది, దాని వెనక పిల్లలు, వాటి వెనక ఇంకొన్ని, కంచె కింద నేల తవ్వుకుని బీడులోకి వచ్చాయి.

పర్వీన్ మీట నొక్కింది. లైటు మెరిసింది. "ఏయ్! నీ కాళ్ళిరగ!" అంది ఓబుళమ్మ గొంతు.

పెద్ద పంది ఒక్క ఎగురు ఎగిరింది. పిల్లలు నాలుగు దిక్కులా చెదిరాయి. పెట్టెకు ఎదురు దిక్కున పారిపోవాలన్న తొందరలో పెద్దది పోయి పోయి యాంటెన్నా స్తంభాన్ని భుజంతో గుద్దింది. స్తంభం పడలేదు. దాని మీది యాంటెన్నా గిర్రున తిరిగి, కాసేపు ఊగి, నిలబడింది. చిన్న కడ్డీలు పెట్టె వైపు, పెద్ద కడ్డీలు ఊరి వైపు.

గదిలో తెర మీద గీత లేచింది. నింపాదిగా, వరుసగా, అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న మిట్టలు. హద్దు గీతకు చాలా కిందే ఉన్నాయి.

"వచ్చింది సార్!" అని, గదిలోకి పరుగెత్తుకొచ్చిన పర్వీన్ అరిచింది. "అంకె వచ్చింది! నెగ్గింది!"

డైరెక్టరు కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. పందులు పోయాయని రూఢి చేసుకుని దిగాడు. తెర చూశాడు, కిటికీలోంచి యాంటెన్నా చూశాడు. ఆయన మొహంలో రంగులు మారాయి. వన్నూరప్ప గడప దగ్గర నిలబడి ఆ మొహాన్నే చూస్తున్నాడు. ఇప్పుడు ఈయన ఒక్క మాట అంటే చాలు, అంతా అయిపోతుంది.

డైరెక్టరు అన్నాడు. "అంకె ఎందుకు వచ్చింది?"

"యాంటెన్నా తిరిగింది సార్."

"అలా రాయకూడదు. తిరిగితే వచ్చిందని రాస్తే, తిరగకముందు తప్పుగా ఉన్నట్టు. మరి అంకె రాకముందు లేనిది, వచ్చినప్పుడు ఉన్నది ఏమిటి?"

పర్వీన్ వన్నూరప్ప వైపు చూసింది. వన్నూరప్ప నేల వైపు చూశాడు.

"పంది సార్," అంది పర్వీన్.

"రాయి!" అన్నాడు డైరెక్టరు. ఆయన గొంతు తేలికపడింది. "స్థానిక వన్యవరాహ సహకారముతో పరీక్ష సఫలమైనది. ఉత్తర్వు ప్రకారం సిబ్బంది చేతులతో వరుస మార్చరాదు. వరాహం సిబ్బంది కాదు, దానికి చేతులూ లేవు. కాబట్టి ఏ నిబంధనా భంగపడలేదు. ఇకమీదట ప్రతి పరీక్షలోనూ యాంటెన్నాను పెద్ద కడ్డీలు ముందుగా ప్రతిష్ఠించి, పిదప వరాహమును ప్రవేశపెట్టవలెను."

"పంది రాకపోతే సార్?"

"వచ్చేదాకా నిరీక్షించవలెను."

వన్నూరప్పకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సర్టిఫికెట్టు మాత్రం నాలుగు రోజుల్లో వచ్చింది. మంచి దళసరి కాగితం, బంగారు రంగు ముద్ర. పంది తిప్పాక ఊరి గోల తెర మీద కనపడటం లేదు గనక ఊరి మీది ఉత్తర్వులన్నీ రద్దు చేశారు. మిల్లు తిరిగింది. తలలు నున్నబడ్డాయి. సంఘం కార్యదర్శి వచ్చి సర్టిఫికెట్టు కళ్ళకద్దుకుని, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెట్టెలు చెప్పిపోయాడు.

నల్లగుట్లపల్లికి తప్ప. సర్టిఫికెట్టు అడుగున ఒక షరతు ఉంది. "వన్యవరాహములు ఈ క్షేత్రమునకు అత్యవసర పరీక్షా సామగ్రి అగుటచే, నల్లగుట్లపల్లి పొలిమేరలో ఈ పరికరమును ఎవరును, ఏ కారణము చేతను వినియోగించి వాటిని బెదరగొట్టరాదు."

కాటమయ్య ఆ షరతును కూడబలుక్కుని చదివి సర్టిఫికెట్టు తిరిగి ఇచ్చాడు. "లోకమంతా నీ పెట్టె అరుస్తాది. నీ ఊర్లో పంది తింటాది. బాగుండాది మామా."

వన్నూరప్ప సర్టిఫికెట్టు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన చేలకు ఇంకా వారం పది రోజుల కాపలా కావాలి.

*

అయితే సామగ్రి అన్నాక అది సమయానికి సిద్ధంగా ఉండాలి కదా. దూరదూరపు కంపెనీల నుంచి మిక్సీలు, పంపులు, బొమ్మ కార్లు పరీక్షకు వచ్చి వరుసలో కూర్చున్నాయి. పంది ఎప్పుడు వస్తుందో తెలియక ఇంజనీర్లు కునికిపాట్లు పడుతున్నారు. డైరెక్టరు టౌను నుంచి చెనిక్కాయ విత్తనాల మూటలు తెప్పించి బీడులో చల్లించాడు. సామగ్రి నిర్వహణ ఖర్చు కింద రోజూ చల్లాలని నియమం పెట్టాడు.

పందులకు సంగతి తెలియడానికి ఒక పూట పట్టింది. తొక్క ఒలిచి, ఏరి, నేల మీద పరిచిన గింజ ఉండగా మట్టి తవ్వుకుని పాలకాయ తినే పంది ఎక్కడుంటుంది? గుట్ట మీదివన్నీ గాలి ఆఫీసుకు చేరాయి. అవతలి గుట్ట మీదివి కూడా వచ్చాయి. ఊరి చేల వైపు చూసినది ఒక్కటి లేదు. కాటమయ్య మిగిలిన సగం చేలో కాయ గట్టిపడి, గలగలలాడింది. ఊళ్ళో ఎన్నడూ లేనంత దిగుబడి వచ్చింది. పీకేటప్పుడు కాటమయ్య తొలి మోపు వన్నూరప్ప గడప ముందు దించి, "నీ పెట్టె వల్ల కాదు లే, ఊరికే తెచ్చినా," అన్నాడు.

గాలి ఆఫీసులో మాత్రం కాలు పెట్టడానికి చోటు లేదు. పందులు నేల మీది ఇనుప వలను పెళ్ళగించి దాని కింద పొర్లుతున్నాయి. స్తంభాన్ని రోజుకు వంద సార్లు గుద్ది, యాంటెన్నాను గాలిమర చేశాయి. కంపెనీల వాళ్ళు కారు దిగకుండానే వెనక్కి తిప్పుకుంటున్నారు. పర్వీన్ బదిలీ మీద పోతూ వన్నూరప్ప కొట్టు దగ్గర ఆగి, "అన్నా, నేను పొయ్యే చోట యాంటెన్నా గోడకు బిగించిండారంట, ఎవరూ తిప్పలేరు," అని నవ్వి బస్సెక్కింది.

ఒక సాయంత్రం డైరెక్టరు నడిచి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ఒక కాలికి చెప్పు లేదు. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, ఓబుళమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, ఆమె గొంతు గుర్తుకొచ్చి గ్లాసు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"మిస్టర్ వన్నూరప్పా, ఒక పెట్టె కావాలి."

"ఎవరికి సార్?"

"క్షేత్రానికి. అంటే నాకు. క్వార్టర్స్ వరండాలో పడుకున్నాయి. తలుపు తీయనివ్వడం లేదు. వెనక కిటికీలోంచి దూకి వచ్చాను."

వన్నూరప్ప లోపలికి పోయి దళసరి కాగితం తెచ్చి, షరతు మీద వేలు పెట్టి చూపించాడు. డైరెక్టరు చదువుకున్నాడు. తన సంతకం దాకా చదువుకున్నాడు.

"దీనికి మినహాయింపు ఉంటుంది," అన్నాడు.

"ఎవురిస్తారు సార్?"

"కమిటీ. కమిటీ క్షేత్రాన్ని సందర్శించి ఇవ్వాలి." అని ఆగిపోయాడు. క్షేత్రాన్ని సందర్శించాలంటే కమిటీ ఎటునుంచి లోపలికి వస్తుందో ఆయనకూ తోచలేదు. చివరికి, డైరెక్టరు గొంతు కాకుండా ఎవరో మామూలు మనిషి గొంతుతో అడిగాడు.

"మరి పెట్టె లేనప్పుడు మీరంతా ఏం చేసేవారయ్యా?"

వన్నూరప్ప దూలానికి వేలాడుతున్న పాత రేకు డబ్బా ఒకటి, కర్ర ఒకటి తీసి ఆయన చేతికిచ్చాడు. "మంచె ఎక్కి కూచుని కొడతా ఉండాల సార్. కరెంటు లేదు, కాగితం అక్కర్లేదు. కాకపోతే నిద్రపోగూడదు."

ఆ రోజు నుంచి పొద్దు గూకితే గాలి ఆఫీసు దిక్కు నుంచి డబ్బా చప్పుడు వినపడుతోంది. ఊళ్ళో భోజనాలు చేసి ఆరుబయట మంచాలు వేసుకున్నవాళ్ళు దాన్ని వింటూ పడుకుంటారు. మొదట్లో చప్పుడు తడబడేది. ఇప్పుడు చెయ్యి కుదిరింది.

"పర్వాలేదు మామా," అన్నాడు కాటమయ్య పక్క మంచం మీది నుంచి. "సారు మాంచి పనిమంతుడైనాడు. వచ్చే ఏడు మన చేలకు పిలుద్దాం."